నోరు కట్టిన గంట

తిరుపతి నుంచి వచ్చిన పాసింజరు పాకాల జంక్షన్‌లో ఆగేసరికి తొమ్మిదీ నలభై. రావలసింది తొమ్మిదీ పదికి. యుద్ధం రోజుల్లో అరగంట ఆలస్యాన్ని ఆలస్యమనడం జనం మానేశారు. ప్రేమానందం మాత్రం చేతి గడియారం చూసి, జేబులోని చిన్న పుస్తకం తీసి టైము రాసుకున్నాడు. ఎందుకూ కొరగాని టైములు కూడా రాసిపెట్టుకోవడం అతనికొక జబ్బు. పదకొండేళ్లుగా ఆ జబ్బే అతనికి అన్నం పెడుతోంది.

మద్రాసులో కార్మికుల నష్టపరిహారం కమిషనరు గారి ఆఫీసులో అతను పరిశోధకుడు. మిల్లులో చెయ్యి నలిగినా, రాతిగనిలో కాలు విరిగినా, మనిషే పోయినా, యజమాని ఒక కథ చెబుతాడు, కూలివాళ్లు ఇంకో కథ చెబుతారు. రెంటిలో ఏది జరిగిందో తేల్చుకు రమ్మని కమిషనరు గారు పంపేది ఇతన్నే. లాఠీ లేదు, పిస్తోలు లేదు. ఒక తోలుసంచీ, మడత కొలబద్ద, ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినే ఓపిక, అంతే అతని సరంజామా.

ప్లాట్‌ఫారం బెంచీ మీద జయరావు కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్లు పోలీసు నౌకరీ చేసి, సర్కిలు ఇన్‌స్పెక్టరుగా దిగిపోయి, ఇప్పుడు బీమా కంపెనీవాళ్ల తరఫున తనిఖీలు చేస్తున్నాడు. గురప్ప శెట్టి శనక్కాయల మిల్లును బీమా చేసింది ఆ కంపెనీయే. కమిషనరు గారు పరిహారం ఇవ్వమంటే చెల్లించుకోవలసింది కూడా ఆ కంపెనీయే.

“రాప్పా ప్రేమానందం! నీకోసం గంట నించి కాసుకోనుండా. వచ్చిన రైల్లోనే చిత్తూరికి పో. ఈడ నీకు పని లేదు” అన్నాడు జయరావు.

“పని లేని చోటికి నువ్వెందుకు వచ్చినావప్పా?” అని ప్రేమానందం అతని పక్కనే కూర్చున్నాడు.

జయరావు నవ్వి, తొడ మీది ఫైలు తెరిచాడు. “రేపు పదకొండుకి చిత్తూరులో కమిషనరు గారి విచారణ. నీ ముందే చెప్తా, దాచేదేమీ లేదు. ఎల్లప్ప అనే కూలీ, నవంబరు ముప్పయ్యో తేదీ, మంగళవారం, సాయంత్రం నాలుగూ పదికి బెల్టులో చెయ్యి పెట్టినాడు. రెండు వేళ్లు నలిగినాయి. ఒకటి, అప్పుడు తాగి ఉండాడు. రెండు, బెల్టుకి అడ్డం పెట్టిన ఇనప తడికను వాడే తీసి పక్కన పెట్టినాడు. కల్లంగడి వాడూ, మేస్త్రీ ఇద్దరూ సాక్ష్యం చెప్తారు.”

“సరే, రాసుకో. తాగినాడు, తడిక తీసినాడు. ఒప్పుకున్నా.”

జయరావు చేతిలోని కాగితం ఆగిపోయింది. ఈ రెండింటి కోసం అతను నాలుగు రోజులు తిరిగాడు మరి. 

“ఏమబ్బా, అట్ల చూస్తావు?” అన్నాడు ప్రేమానందం. “మనిషి బతికుండి వేళ్లకి పరిహారం అడిగితే నీ కల్లంగడి వాడు పనికొచ్చేవాడు. దెబ్బ వల్ల మనిషి పోతే, తాగినాడా, తడిక తీసినాడా అని చట్టం అడగదు. పనిలో తగిలిన దెబ్బకే చచ్చినాడా అనే ఒక్క మాటే అడుగుతుంది. ఎల్లప్ప డిసెంబరు తొమ్మిదిన చచ్చిపోయినాడు.”

“జరంతో!” అని జయరావు రెండో కాగితం బయటికి లాగాడు. పోగొట్టుకున్న హుషారంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది. “డాక్టరు రాసిచ్చిన కాగితం ఇది. విషజ్వరం. దెబ్బకీ దీనికీ సంబంధం లేదు. గురప్ప శెట్టి ఎంత పద్ధతైన మనిషంటే, కూలీ పోయిన రోజే ఈ కాగితం మా కంపెనీకి పోస్టులో వేసినాడు. కవరు కూడా దాచినా, చూడు.”

ప్రేమానందం కవరును తిప్పి చూశాడు. పాకాల పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా పడింది. డిసెంబరు తొమ్మిది, పగలు రెండున్నర. అలవాటు ప్రకారం పుస్తకంలో అదీ రాసుకుని, కవరు తిరిగి ఇచ్చేశాడు.

“ఇంకొకటి ఉండాది” అన్నాడు జయరావు, చివరి దాకా అట్టిపెట్టుకున్న మిఠాయిని బయటికి తీసినట్టు. “నువ్వు ధనుర్వాతం అంటావని తెలుసు. గాయానికి మట్టి తగిలి దవడలు బిగుసుకుపోయినాయంటావు. అందుకే దినాల నాడు నేనే పోయి వాడి పెండ్లాన్ని అడిగినా. కొట్టలేదు, తిట్టలేదు, ఒక్క మాట నేను అందించలేదు. విను. ‘నా భర్త ఆఖరి గడియలో ఉగ్గుగిన్నెతో మూడు గుక్కలు తులసి నీళ్లు తాగినాడు. మట్టసంగా పడుకొని ప్రాణం విడిచినాడు.’ కింద వేలిముద్ర. దవడ బిగిసినోడు నీళ్లెట్ల తాగుతాడు?”

ప్రేమానందం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. జయరావు మొండివాడే గాని దొంగ కాదు. దొంగ వేలిముద్రలు వేయించే రకం అసలే కాదు. ఆమె ఆ మాట అని ఉండాలి. శవాన్ని కాల్చి రెండు నెలలు దాటింది కాబట్టి కోసి చూసేందుకూ లేదు. మిల్లులో ఇంజను నడిపే ఖలందర్ మాత్రం నిజం చెప్పాడు, కింద మట్టిలో పడి ఉన్న గుడ్డపీలికతోనే తాను ఎల్లప్ప చేతికి కట్టు కట్టానని. కానీ కట్టుకీ చావుకీ మధ్య వంతెన కావాలి. ఆ వంతెనను ఎల్లప్ప భార్యే తన చేత్తో కూల్చేసుకుంది.

ఆమెకు లాభం లేని అబద్ధం ఆమె ఎందుకు ఆడుతుంది? 

“పద, ఆ ఇల్లు చూద్దాం” అని ప్రేమానందం లేచాడు.

“నేనూ వస్తా. నువ్వు లేనిపోని మాటలు నేర్పకుండా చూసుకోవాల గదా.”

“రా అప్పా. నువ్వు లేకపోతే రేపు నా మాట నమ్మేదెవరు?”

ఎల్లప్ప ఇల్లు మిల్లు వెనక వీధిలో చివరిది. బోదగడ్డి కప్పిన కొట్టం, ముందర చిన్న అరుగు. అరుగు పక్కన గుంజకు కట్టేసిన ఎర్రదూడ కొత్తవాళ్లను చూసి తల విదిలించింది. మెడలో కంచు గంట ఊగింది గానీ మోగలేదు. ప్రేమానందం వంగి చూశాడు. గంట నోట్లో గుడ్డ కుక్కి, పైన పీలికతో ముడి వేసి ఉంది. 

లోపలి నుంచి ఎల్లప్ప భార్య సుబ్బులమ్మ వచ్చింది. ఇరవై అయిదేళ్లుంటాయి. ఆమె వెనకాలే అత్త గంగులమ్మ వచ్చి గడప పక్కన చతికిలబడింది. మూడేళ్ల పిల్ల అవ్వ ఒళ్లో చేరి నిద్రకు పడింది.

“దూడ గంటకి గుడ్డ ఎందుకు కట్టినావమ్మా?” అన్నాడు ప్రేమానందం.

సుబ్బులమ్మ అత్త వైపు చూసింది. “ఊరికే సామీ. సప్పుడైతాదని.”

“ఎల్లప్ప ఎట్ల పోయినాడో చెప్పు.”

“మూడు గుక్కలు తులసి నీళ్లు తాగినాడు సామీ. మట్టసంగా పండుకోని పానం ఇడిసినాడు.”

కాగితంలో ఉన్న మాటలు ఉన్నట్టే వచ్చాయి, పొల్లు పోకుండా. జయరావు అరుగు మీద కూర్చుని జేబురుమాలుతో విసురుకుంటున్నాడు. అతని మొహం చూస్తే గెలిచిన పందెం తాలూకు డబ్బు అప్పుడే చేతిలో పడినట్టుంది. గంగులమ్మ మాత్రం కోడలి వైపు చూడలేదు. తల వంచుకుని పిల్ల జుట్టు నిమురుతోంది.

చెప్పేవాళ్లు చెప్పనప్పుడు సామాన్లను అడగడం ప్రేమానందానికి అలవాటు. “ఎల్లప్ప పడుకున్న మంచం ఉండాదా?” అన్నాడు.

మంచం లోపలి గదిలో, కిటికీ లేని మూల గోడకు నిలబెట్టి ఉంది. ప్రేమానందం దాన్ని వాల్చి, వాకిట్లో వెలుగు పడేచోటికి లాగాడు. నులక మంచం. కొలబద్ద తీసి పట్టెల నుంచి నులక ఎంత కుంగిందో మూడు చోట్ల కొలిచి, పుస్తకంలో మూడు అంకెలు వేశాడు. 

“మంచం కూడా సాక్ష్యం చెప్తాదా అప్పా?” అన్నాడు జయరావు.

“చెప్తాది. నువ్వు కూర్చుని విను. మీ ఇంట్లో మంచం ఎక్కడ కుంగుతుంది?”

“నడుమ. ఎవురింట్లోనైనా నడుమే.”

“ఈ మంచం నడుమ బిగువుగా ఉండాది. తల పెట్టుకునే చోట నాలుగు వేళ్లు కుంగింది. మడమలు ఆనే చోట నులక తెగనే తెగింది. మనిషి నడుము మంచానికి ఆనలేదు జయరావూ. తలా మడమలూ మాత్రమే ఆనినాయి. మట్టసంగా, ఒళ్లంతా చదునుగా ఆనించి పడుకున్న మనిషి చేసిన పని కాదు ఇది. ఒళ్లు విల్లు మాదిరి వంగిపోతేనే ఇట్ల అవుతుంది.”

జయరావు విసురుకోవడం ఆపాడు. “పాత మంచం. ఎలుకలు కొరికి ఉంటాయి” అన్నాడు గానీ, ఆ మాట అతనికే సరిగ్గా ఆనలేదు.

ప్రేమానందం మళ్లీ లోపలికి వెళ్లాడు. గూట్లో పసుపు భరిణె పక్కన ఇత్తడి ఉగ్గుగిన్నె కనబడింది. చంటిపిల్లలకు పాలు పట్టే చిన్న గిన్నె. దాని ముక్కు సగానికి నొక్కుకుపోయి, పక్కకు వంగి ఉంది. పిల్లల నోటికి పెట్టే గిన్నె ముక్కు అట్లా వంగాలంటే, గట్టి సందులో దూర్చి బలంకొద్దీ తిప్పి ఉండాలి. 

అతను గిన్నెను అరచేతిలో పెట్టుకుని గడప దాకా వచ్చాడు. “జయరావూ, అవ్వతో పోయి ఆ దూడను చూసి రా. దాని కాళ్లకేదో పుండు మాదిరి ఉండాది” అన్నాడు.

“నేనేం పశువుల డాక్టరునా?” అని జయరావు గొణిగాడు. కానీ గంగులమ్మ పిల్లను భుజాన వేసుకుని మారు మాట్లాడకుండా లేచింది. ముసలావిడ లేచాక కూర్చుని ఉండడం బాగుండదని అతనూ వెళ్లాడు.

ప్రేమానందం గిన్నెను సుబ్బులమ్మ ముందర పెట్టాడు. గొంతు తగ్గించాడు. “ఇది ఎవురు వంచినారు తల్లీ?”

ఆమె ఆ గిన్నె వైపు చూడలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు నెలలుగా ఆపుకున్న ఏడుపు ఆ గుడ్డలోంచి చప్పుడు లేకుండా వచ్చింది.

“నేనే సామీ. పండ్లు గిట్టకరసకపొయ్‌నాయి. ఎంత బతిమలాడినా నోరు తెరవలా. గిన్నె ముక్కు పెట్టి తిప్పితే ముందర పన్ను ఇరిగింది. పోసిన నీళ్లు పోసినట్టు సెంపమింద కారిపోయె. ఒక్క సుక్క లోపలికి పోలా. సందకాడ అట్లే సూస్తా సూస్తా పోయినాడు.”

“మరి తాగినాడని ఎందుకు చెప్పినావు?”

“మా అత్త ఆ పొద్దు తిరపతికి పోయిండాది, మొక్కుకునేదానికి. రాత్రి బండి దిగి వాకిట్లోకి రాంగానే ఒకే మాట అడిగె. నా కొడుకు నీళ్లు తాగి పోయినాడా అని. ఒక్కడే కొడుకు సామీ. గొంతు తడవకుండా పోయినాడని ఏ నోటితో సెప్పేది? తాగినాడంటి. ఆ పోలీసాయన వచ్చి అడిగినప్పుడు కూడా ఆమె పక్కనే కూసోనుండె. అదే సెప్తి.”

“రేపు చిత్తూరులో నిజం చెప్పకపోతే పరిహారం రాదు తల్లీ. నీకూ, పిల్లకూ, అవ్వకూ ఉండే ఆధారం అదొక్కటే. కంపెనీ ఆ డబ్బు కమిషనరు గారి దగ్గర కడుతుంది. ఆయన మీ ముగ్గురి పేర్ల మీద పెట్టి, నెలనెలా అందేట్టు చూస్తాడు. మధ్యలో ఎవరూ తినేదానికి లేదు.”

“నాకొద్దు సామీ” అంది సుబ్బులమ్మ. కళ్లు తుడుచుకుని గట్టిగానే అంది. “కూలి సేసుకోని బతుకుతా. ఈ మాట ఇంటే మా అత్త బతకదు.”

ప్రేమానందం ఆ గిన్నెను మెల్లగా ఆమె ముందు నుంచి తీసి పక్కన పెట్టాడు. చట్టంలో ప్రతి వేలికీ ఒక లెక్క ఉంది. దీనికి లెక్క ఎక్కడా రాసి లేదు. అతను నిజంగా బాధపడ్డాడు.

“నాకు తెలుసు లేమ్మీ” అన్న మాట వినబడింది.

గంగులమ్మ గడపలో నిలబడి ఉంది. వెనకాల జయరావు. దూడ కాళ్లకు పుండూ లేదు, పాడూ లేదని చెప్పడానికి వచ్చి, అతను కూడా అక్కడే ఆగిపోయాడు.

“నేను తిరపతి నించి తెచ్చిన తీర్తం వాని నోట్లో పోద్దామని అప్పుడే దవడ పట్టుకుంటి. రాయి మాదిరి ఉండె. కడసారి వాని ఒంటికి నీళ్లు పోసేటప్పుడు ఇరిగిన పన్ను నా సేతికి తగిలె. ఆ గిన్నె తోమి గూట్లో పెట్టింది ఎవురనుకుంటివి? నేనే. నువ్వు నా కోసరం సెప్పినావని తెలిసి, నీ కోసరం నేను నమ్మినట్టుంటి.”

సుబ్బులమ్మ అత్త కాళ్ల దగ్గర కూలబడింది. ముసలావిడ వంగి, పిల్లతో సహా ఆమెను దగ్గరికి లాక్కుంది. వాళ్లిద్దరూ ఏడుస్తుంటే ప్రేమానందం అవతలికి తిరిగి, కొలబద్దను ఒక్కొక్క మడతే నిదానంగా మడిచాడు.

జయరావు గొంతు సవరించుకున్నాడు. “బాధగానే ఉండాదప్పా, కాదనను. కానీ రేపు నా పని నేను చెయ్యాల. శవం బిగుసుకుంటుంది. అందుకే దవడ గట్టిగా ఉండె.”

“అవ్వ వచ్చిన బండి ఏడూ ఇరవైకి. ప్రాణం పోయి గంటయినా కాలేదు. ఇరవై ఆరేళ్ల నౌకరీలో గంటకే రాయైన దవడను ఎన్ని చూసినావు?”

“చూడలేదనుకో. అయినా ఈ పొద్దు నువ్వొచ్చినాక ఆడోళ్లిద్దరూ మాట మార్చినారు. నా దగ్గర వేలిముద్ర ఉండాది. దాని మీద డాక్టరు కాగితం ఉండాది. కమిషనరు గారు దేన్ని నమ్ముతాడు, వంగిన గిన్నెనా, డాక్టరునా?”

“డాక్టరునే నమ్ముతాడు. అందుకే డాక్టరు దగ్గరికే వస్తున్నా” అన్నాడు ప్రేమానందం. మళ్లీ పాత ధీమా అతని మొహంలోకి వచ్చింది. చిన్న పుస్తకం తెరిచి, పొద్దున రాసుకున్న పేజీ మీద వేలు పెట్టాడు. “సుబ్బులమ్మా, ప్రాణం ఎప్పుడు పోయిందో ఇతను వినేట్టు ఇంకోసారి చెప్పు.”

“సందకాడ సామీ. పక్కింటామె దీపం ముట్టించుకోని వచ్చె, ఆ యెలుగులోనే కండ్లు మూసినాము.”

“అంటే ఆరూ ముప్పావు. ఆ రోజు డాక్టరు వచ్చినాడా?”

“ఏ డాక్టరు సామీ? ఎవురూ రాలేదు. మద్దేనం మిల్లు మేస్త్రీ వచ్చి, ఈడనే గడప కాడ నిలబడినాడు. మా ఆయన ఒళ్లు వంగేది సూసినాడు. ఎట్లుండాదని గూడ అడగలా. ఎంతసేపుంటాడని మా పక్కింటామెను అడిగి, పోయినాడు.”

“జయరావూ, ఆ కవరు తియ్యి.”

జయరావు ఫైలు విప్పాడు. కవరు తీసి వెలుతురులోకి పట్టుకున్నాడు. ముద్ర చదివాడు. పొద్దున ప్రేమానందానికి తానే గొప్పగా చూపించిన ముద్ర. ఇంకోసారి చదివాడు. 

“పాత టైమా, కొత్త టైమా?” అన్నాడు, నీరసంగా.

“యుద్ధం కోసం ముందుకు జరిపిన గడియారానికీ పాత గడియారానికీ తేడా ఒక్క గంటేనప్పా. నీకు నాలుగు గంటలు చాలవు. సందకాడ పోయిన మనిషికి, పగలు రెండున్నర కంటే ముందే చావు కాగితం రాసి, దానికి కారణం కూడా రాసి, కవరంటించి పోస్టులో వేసినారు. ఆ డాక్టరు ఈ గడప తొక్కలేదు. మేస్త్రీ చూసి పోయినాడు, శెట్టి రాయించినాడు. ధనుర్వాతమని వాళ్లకు ముందే తెలుసు. తెలియకపోతే, బతికున్నోనికి జరాన్ని అంటగట్టే తొందర దేనికి? ఇదంతా ఎవురికోసం చేసినారో తెలుసా? నీకోసం. నువ్వు నిజాయితీగా మోసుకుపోయి చిత్తూరులో ఇస్తావని.”

జయరావు మొహం కందగడ్డలా ఎర్రబడింది. అతను అవమానాన్ని సహించే మనిషి కాదు. ఒక్క క్షణం ఆ కవరు అతని వేళ్ల మధ్య నలిగింది. ఆ కాగితం ముక్క జయరావు కంపెనీ సొత్తు. అతను అక్కడికక్కడ చించి పారేస్తే అడిగే హక్కు ఎవరికీ లేదు. రెండో ప్రతి లేదు.

“ఆ కాగితంలో ఏముండాది నాయనా?” అని గంగులమ్మ జయరావును అడిగింది.

జవాబు ప్రేమానందం చెప్పాడు. “నీ కొడుకు జరంతో పోయినాడని ఉండాది అవ్వా. ఆ పగలే, మూడు గంటల మెయిల్లో పోయింది.”

“మూడు గంటల మెయిల్లోనా?” అని సుబ్బులమ్మ తల ఎత్తింది. “ఆ మెయిలు కూత నేనిన్నా సామీ. దూడను పక్కింట్లో కట్టేసిండాము, దాని గంట సప్పుడుకి ఆయన గిలగిల కొట్టుకుంటాడని. మెయిలు కూత ఇని అది బెదిరి, తాడు తెంపుకోని ఇంటికొచ్చె. ఆ గంట ఇని ఆయన ఒళ్లు ఎగిసెగిసి పడె. అప్పుడు గదా నేను కొంగు సించి దాని గంటకు కట్టింది! బతికుండాడు సామీ. అప్పుడు బతికే ఉండాడు.”

చప్పుడుకి ఒళ్లు ఎగిసిపడేది జరంలో కాదు, ధనుర్వాతంలోనేనని జయరావుకు ఒకరు చెప్పనక్కర్లేదు. వాకిట్లో దూడ తల విదిలించింది. గంట ఊగింది.

జయరావు నలిగిన కవరును మోకాలి మీద పెట్టుకుని, అరచేత్తో రుద్ది సాపు చేశాడు. దాన్ని ప్రేమానందం చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కుని, దూడ దగ్గరికి నడిచాడు. గంట మీది ముడిని పోలీసు కళ్లతో పరీక్షగా చూశాడు. సుబ్బులమ్మ విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ గుడ్డ విప్పొద్దమ్మా. రేపు పదకొండుకి గంట ఇట్లే చిత్తూరుకి రావాల. నేనే తీసుకుపోతా.”